వెనక మూత లోపలి గీతలు

తిరువూరులో నేను పనిచేసిన నాలుగేళ్ళలో ఎన్ని డ్రిప్ ఫిల్టర్లు విప్పి కడిగానో మా కంపెనీ రికార్డుల్లో ఉంటుంది. ఎన్ని వాచీలు విప్పానో నా లాప్‌టాప్‌లో ఉంది. మొదటి పనికి జీతం ఇచ్చేవారు. రెండోది నా సొంత పిచ్చి. ఇలాంటి జ్ఞాపకాలు మామూలుగా రిటైరైనవాళ్ళు రాస్తారు. నాకు ముప్పై రెండేళ్ళు. కాకపోతే ఆ ఊరి నుంచి బదిలీ అయి వచ్చేశాను కాబట్టి ఆ మేరకు రిటైరైనట్టే లెక్క.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, పాత వాచీలు పోగుచేసే సరదాలోకి కొత్తగా దిగుతున్న తమ్ముళ్ళు ఈమధ్య నాకు మెసేజీలు పెడుతున్నారు. ఏ నూనె వాడాలి, ఏ సైజు స్క్రూడ్రైవర్ కొనాలి అని అడుగుతున్నారు. అవి చెప్పడానికి వీడియోలు బోలెడున్నాయి. నేను చేసిన పొరపాటు గురించి మాత్రం ఏ వీడియోలోనూ నాకు కనిపించలేదు.

నాది మెకానికల్ డిప్లొమా. మామిడి తోటల్లో డ్రిప్ పైపులు పూడిపోయినా, ఫిల్టర్ దగ్గర ఒత్తిడి తగ్గినా వెళ్ళి సరిచేయడం నా ఉద్యోగం. నాకు తోడు ఒక ఫిట్టర్. పెనుగొలను మనిషి, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను సార్ అనేవాడు. ఆ సార్‌లో గౌరవం ఎంతో వెటకారం ఎంతో నాలుగేళ్ళలో తేల్చుకోలేకపోయాను.

మొదటి వాచీ ఒక తోటలో మోటారు షెడ్డులో దొరికింది. స్టార్టరు పక్కన మేకుకు తగిలించి ఉంది. చేత్తో కీ ఇచ్చే రకం. అద్దం పసుపు పచ్చగా మారిపోయింది, సెకన్ల ముల్లు లేదు. అడిగితే ఆ రైతు, "అది ఆగిపోయి ఇరవయ్యేళ్ళయిందండి. పారేద్దామంటే చెయ్యి రాక తగిలించా. కావాలంటే పట్టుకెళ్ళండి" అన్నాడు. అక్కడే నిలబడి కీ ఇచ్చాను. ఆరు సెకన్లు కొట్టుకుని ఆగిపోయింది. ఆ ఆరు సెకన్లతో నా పని అయిపోయింది.

తర్వాత ఏ తోటకి వెళ్ళినా ఫిల్టర్ కడిగి, చేతులు తుడుచుకుని, "ఇంట్లో పాత వాచీ ఏమన్నా ఉందాండి?" అని అడగడం అలవాటైంది. బీరువా అరల్లోంచి, బియ్యం డబ్బాల్లోంచి, దేవుడి పటాల వెనకనుంచి వాచీలు బయటికొచ్చేవి. ప్రతి వాచీకీ ఒక నంబరు ఇచ్చి లాప్‌టాప్‌లో పట్టిక రాసుకునేవాణ్ణి. ఎక్కడ దొరికింది, డయల్ ఎలా ఉంది, లోపలి యంత్రం ఏ రకం, నేను ఏం చేశాను, రోజుకు ఎన్ని సెకన్లు తేడా వస్తోంది. ఫిట్టరన్న ఒకసారి ఆ పట్టిక చూసి అన్నాడు.

"మన విజిట్ రిపోర్టు కంటే ఇదే పద్ధతిగా ఉంది సార్. విజయవాడ ఆఫీసుకి ఇదే పంపిద్దాం. మేనేజరుగారు పైపుల సంగతి ఎటూ చదవరు."

ఈ సరదాలో ఉన్న సుఖం బయటివాళ్ళకు చెప్పడం కష్టం. పొద్దున్నే కీ ఇస్తుంటే వేళ్ళకు తగిలే ఆ చిన్న పళ్ళ కదలిక ప్రతి వాచీకీ వేరుగా ఉంటుంది. ఒకటి గరగరమంటుంది, ఒకటి నూనె రాసినట్టు జారుతుంది. ఏడో నంబరుదైతే చివరి రెండు చుట్లకు మొరాయిస్తుంది, బతిమాలాలి. ముల్లు చిన్న కుదుపుతో కదిలినప్పుడు, ఎవరో ముసలాయన నిద్రలేచి "ఆఁ, ఏంటి?" అన్నట్టు ఉంటుంది.

చింతించిన రోజులూ ఉన్నాయి. ఆన్‌లైన్‌లో నీలం డయల్ చూసి మోజుపడి ఒకటి తెప్పించాను. అది మూడు వాచీల భాగాలు కలిపి, డయల్‌కి కొత్త రంగు వేసిన సరుకు. దాన్ని తీసుకెళ్ళి చూపిస్తే వాచీలు బాగుచేసే బాబాయి కంటికి భూతద్దం బిగించుకుని అర నిమిషం చూశాడు.

"మూడు శవాల్ని కలిపి ఒక పెళ్ళికొడుకుని చేశారయ్యా" అన్నాడు. "బాసికం మాత్రం బాగా కట్టారు."

ఈ బాబాయి నాకు చుట్టం కాదు. బస్టాండు పక్క వీధిలో మంచమంత వెడల్పున్న కొట్లో నలభై ఏళ్ళకు పైగా వాచీలు బాగుచేస్తున్న మనిషి. నాకు ఈ పని నేర్పింది ఆయనే. పెట్రోలులో భాగాలు కడగడం, సూది మొన మీద నిలిచేంత నూనె మాత్రమే వేయడం, ఊపిరి బిగబట్టి స్క్రూ తిప్పడం. ఇంట్లో విప్పి, యంత్రాన్ని మాత్రం మూత ఉన్న చిన్న స్టీలు డబ్బాలో పెట్టి ఆయన దగ్గరకు తీసుకెళ్ళేవాణ్ణి. వాచీ పైభాగం, వెనక మూత నా గదిలోనే ఉండేవి. వాటిని మెరిపించే పనిలో నాకు ఎవరి సాయమూ అవసరం లేదనుకున్నాను.

డిప్లొమా వర్క్‌షాపులో మా మాస్టారు మొదటి వారంలోనే మా తలకెక్కించిన సంగతి, లోహం మీద గీత అంటే లోపం. చిన్న పాలిష్ చక్రం ఒకటి కొన్నాను. ప్రతి వాచీ మూతనూ బయట మెరిపించాను. లోపలి వైపు కూడా మెరిపించాను. లోపల ఎవరు చూస్తారని అనుకోలేదు. ఎవరూ చూడనిచోట కూడా శుభ్రంగా ఉండాలన్నది నా గొప్ప. చాలా మూతల లోపల సన్నటి గీతలుండేవి. ఎవరో మొరటు మెకానిక్కు చెయ్యి జారి గీసుంటాడనుకున్నాను. కొన్నిచోట్ల అంకెల్లా కనిపించాయి, చదవడానికి ప్రయత్నించలేదు. పట్టికలో మాత్రం తు.చ. తప్పకుండా రాశాను: "మూత లోపల గీతలు. పాలిష్ చేశాను. శుభ్రం."

మూడో ఏడు వేసవి అయ్యాక ఒక మధ్యాహ్నం బాబాయి కొట్టుకి వెళ్తే ఆయన గోడకున్న వాచీలు తీసి సంచిలో వేస్తున్నాడు.

"వచ్చే నెల కొట్టు ఖాళీ చేస్తున్నానయ్యా ఇంజనీరూ. చెయ్యి వణుకుతోంది. సెల్లు మార్చడానికీ బెల్టు వెయ్యడానికీ ఈ చెయ్యి చాలు. స్క్రూకి చాలదు."

టీ చెప్పాను. ఆయన గోడ మీదున్న ఫోటో తీసి తుడిచాడు. అది ఆయన అన్నది. కొట్టు పెట్టింది ఆ అన్నే. తమ్ముడికి పని నేర్పి, నడివయసులోనే పోయాడట.

"నీతో ఒక పని పడింది" అన్నాడు బాబాయి. "ఫోటోలో అన్నయ్య మొహం ఉంది. చేతి పని నా దగ్గర ఒక్కటీ లేదు. ఇక్కడికొచ్చినవన్నీ జనం వాచీలు, బాగుచేసి ఇచ్చేశాం. ఆయనేమో జన్మలో వాచీ పెట్టుకోలేదు. కొట్టు నిండా గడియారాలుంటే చేతికెందుకురా బరువు అనేవాడు. నీ దగ్గర ఈ చుట్టుపక్కల వాచీలు చాలా ఉన్నాయి గదా. ఒక్కదాని వెనక మూతలోనైనా మా అన్న గుర్తు ఉంటది. ఆ ఒక్కటీ నాకివ్వు. బదులు నీకేం కావాలో ఈ సంచిలోంచి తీసుకో."

"గుర్తంటే?"

ఆయన నావైపు వింతగా చూశాడు. "వాచీ బాగుచేసినోడు మూత లోపల సూదితో తన గుర్తు, తేదీ గీస్తాడు. రేపు మళ్ళీ తిరిగొస్తే ఎవడు చేశాడో, ఎప్పుడు చేశాడో తెలియాలిగా. అన్నయ్యది బాణం. నాకు సున్నా ఇచ్చాడు. సున్నా ఎందుకు అన్నయ్యా అంటే, నీకింకా వచ్చింది అంతే గదరా అన్నాడు. నీకు నేను చెప్పలేదా?"

"లేదు బాబాయ్."

"చెప్పక్కర్లేదనుకున్నాలే. మూత తీసినోడికి కనపడుద్ది గదా."

చూస్తాను అని చెప్పి బయటపడ్డాను. గదికి వెళ్ళి లాప్‌టాప్ తెరిచాను. నలభై ఒక్క వాచీలు. వాటిలో తిరువూరు చుట్టుపక్కల దొరికినవి ఇరవై మూడు. ఇరవై మూడు వరసల్లోనూ అదే మాట: పాలిష్ చేశాను, శుభ్రం. అయినా ఆశ చావక మూతలన్నీ తీసి, కిటికీ దగ్గర వెలుతురుకు ఏటవాలుగా పట్టి భూతద్దంతో చూశాను. పని చాలా బాగా చేశాను. ప్రతి మూతలోనూ నా కన్నే కనిపించింది.

ఒక మనిషి చేతి పని మొత్తం ఆ ఊళ్ళ వాచీల్లో చెదిరి ఉంటే, దాన్ని నేను ఇంటింటికీ తిరిగి ఒకచోట పోగుచేసి, శ్రద్ధగా చెరిపేశాను. ఏ దొంగా ఇంత పద్ధతిగా చేసుండడు.

రెండు వారాలు తప్పించుకు తిరిగాను. మొదటి ఆదివారం జ్వరమన్నాను. రెండో ఆదివారం విజయవాడలో మీటింగన్నాను. బస్టాండు వైపు పోకుండా చుట్టు తిరిగి వెళ్తుంటే బండి వెనక కూర్చున్న ఫిట్టరన్న ఊరుకోలేదు.

"బస్టాండు మీద నుంచైతే దగ్గర గదా సార్. అక్కడ ఏ అమ్మాయన్నా చెప్పు చూపించిందా?"

బండి ఆపి జరిగింది చెప్పాను. ఈసారి ఆయన నవ్వలేదు.

"చెప్పెయ్యండి సార్. పూడిపోయిన పైపుని ఎన్నాళ్ళు దాస్తారు? చివరి చెట్టు ఎండితే రైతుకి తెలియదా?"

మర్నాడు పొద్దున్నే వాచీల పెట్టె పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. అవి చెప్పే అవకాశం రాలేదు. పెట్టె చూడగానే బాబాయి ముఖం వెలిగిపోయింది. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, భూతద్దం బిగించుకుని మొదటి వాచీ మూత తీశాడు. వెలుతురుకు తిప్పి చూశాడు. పక్కన పెట్టి రెండోది తీశాడు. మూడోది. నాలుగోదానికి వెంటనే మూత తియ్యలేదు. చేతిలో పట్టుకుని అలా కూర్చున్నాడు.

"నేనే బాబాయ్" అన్నాను. "గీతలనుకుని పాలిష్ పెట్టాను."

"అన్నిటికీనా?"

"ఇక్కడివి ఇరవై మూడు. అన్నిటికీ."

"లెక్క బాగా రాసుకున్నావ్" అన్నాడు. పక్కన పెట్టిన మూత ఒకటి మళ్ళీ వెలుతురుకు పట్టి, "బాగా మెరుస్తున్నయ్" అన్నాడు.

తిట్టుంటే బాగుండేది. ఆయన మూతలు ఒక్కొక్కటే బొటనవేళ్ళతో నొక్కి బిగించాడు. మూడో మూత బిగించడానికి ఆయన చెయ్యి సహకరించలేదు. నేను అందుకోబోతే ఇవ్వలేదు. చాలాసేపు పట్టింది, బిగించాడు. పెట్టె నాకిచ్చి, "టీ చెప్పు" అన్నాడు. టీ తాగి వచ్చేశాను.

తమ్ముళ్ళూ, ఇక్కడ మీకు ఒక్క మాట. చేసిన తప్పుకి పట్టికలో కొత్త గడి చేర్చుకుంటే తప్పు దిద్దుకున్నట్టు కాదు. ఆ రాత్రి నేను చేసింది మాత్రం అదే. నా ఉద్యోగంలో తిరిగిన ఊళ్ళలో నలభై ఏళ్ళ కిందటి వాచీ ఇంకా ఉండే అవకాశమున్న ఇళ్ళన్నీ గుర్తుతెచ్చుకుని కొత్త పట్టిక రాశాను. అందులో కొనడం అన్న గడి లేదు. చూడటం ఒక్కటే.

మర్నాటి నుంచి ఫిల్టర్ కడగడం అయ్యాక మా ప్రశ్న మారింది. "వాచీ అమ్మమని కాదండీ. వెనక మూత ఒకసారి తీసి చూస్తాం, అంతే." ఇది మరీ ప్రమాదమైంది. కొంటామంటే జనం నమ్ముతారు. ఊరికే చూస్తామంటే ఎందుకు నమ్ముతారు? వారం తిరక్కుండా పెనుగొలనులో, పాత వాచీల వెనక ఏదో ఖరీదైన లోహం ఉందనీ, కంపెనీవాళ్ళు డ్రిప్ పేరు పెట్టుకుని దానికోసమే తిరుగుతున్నారనీ పుకారు లేచింది. ఒకాయన కూరగాయల కత్తితో తన వాచీ తనే విప్పి, స్ప్రింగు ఎగిరి గేదెల కుడితిలో పడితే, మా ఫిట్టరన్న మీదికి తగువుకొచ్చాడు.

"సొంతూళ్ళో నా పరువు పోయింది సార్" అన్నాడు ఫిట్టరన్న. "నిన్న చర్చిలో పాస్టరుగారు కూడా పక్కకి పిలిచి, ఏం దొరికింది అన్నాడు."

పదకొండు ఇళ్ళు చూశాం. నాలుగింట సున్నాలు కనిపించాయి. బాణం ఎక్కడా లేదు. అన్న పోయాక వచ్చిన వాచీలే ఎక్కువ మిగిలాయి. ఇక బాబాయి కొట్టు ఖాళీ చేయడానికి మూడు రోజులే గడువుంది.

పట్టికలో పన్నెండోది వినగడపలో ఒక రిటైరైన టీచరమ్మగారి ఇల్లు. దాన్ని కావాలనే వెనక్కి నెడుతూ వచ్చాను. రెండేళ్ళ కిందట ఆవిడ చేతికున్న వాచీ కొంటానని అడిగి చీవాట్లు తిన్నాను. ఆవిడ పెట్టుకునేది మగవాళ్ళ వాచీ. బడిలో గంట కొట్టే పని ఆవిడదే కావడంతో, మొదటి జీతంతో పెద్ద అంకెలు, సెకన్ల ముల్లు ఉన్నది ఏరి కొనుక్కున్నారట.

గేటు దగ్గరే గుర్తుపట్టారు. "మళ్ళీ వచ్చావా బాబూ? నేనింకా పోలేదు."

విషయమంతా చెప్పాను, పాలిష్ సంగతి దాచకుండా. ఆవిడ విని, కళ్ళజోడు మీదుగా నన్ను చూసి, "చదువుకున్నోడివి, రాసుంటే చదవాలని తెలియలేదా?" అన్నారు. వాచీ తీసి నా చేతిలో పెట్టారు.

మూత తీశాను. లోపల అయిదారు గుర్తులున్నాయి. అన్నిటికంటే పైన ఒక సున్నా. దాని కింద, గోరంత కూడా లేని బాణం.

నా ఫోన్ అప్పటికే చేతిలో ఉంది. ఫోటో తీసి పంపడం ఒక్క నిమిషం పని. ఫిట్టరన్న నా ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "మనిషిని తీసుకొద్దాం సార్" అన్నాడు.

మధ్యాహ్నానికి బాబాయిని బండి మీద ఎక్కించుకుని వచ్చాను. టీచరమ్మగారు వరండాలో కుర్చీ వేశారు. ఆయన భూతద్దం బిగించుకుని మూతను వెలుతురుకు తిప్పాడు. మేం ముగ్గురం ఆయన ముఖమే చూస్తున్నాం. ముందు పెదవులు కదిలాయి, తేదీ చదువుకుంటున్నట్టు. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ చదివాడు. అప్పుడు నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు ఊగేలా నవ్వుతూ భూతద్దం తీసేసి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమైంది బాబాయ్?"

"ఈ సున్నా నాదయ్యా. నేను ఒంటిచేత్తో చేసిన మొదటి వాచీ ఇదే. ఆ రోజు అన్నయ్య దీన్ని చెవి దగ్గర పెట్టుకుని, ఒక్క తప్పు లేదురా, ఇక కొట్టు నువ్వే చూసుకో అన్నాడు. ఆ మాట మీద నలభై ఏళ్ళు కూర్చున్నా ఆ పీట మీద." మూత నా కళ్ళ ముందు పెట్టాడు. "బాణం కింద తేదీ చూడు. నా తేదీకి మర్నాడు. మళ్ళీ విప్పాడు! నాకు తెలియకుండా మొత్తం విప్పి చేశాడు, అబద్ధాలకోరు!"

టీచరమ్మగారు ఉన్నట్టుండి, "సైకిలు మీద వచ్చింది ఆయనా?" అన్నారు.

"ఎవరండీ?"

"నేను వాచీ బాగుచేయించి తెచ్చుకున్న మర్నాడే పొడుగాటాయన ఒకాయన సైకిలేసుకుని బడికొచ్చాడు. గ్యారంటీ చెకింగమ్మా అని పట్టుకెళ్ళి, సాయంత్రం గంట కొట్టే లోపల తెచ్చిచ్చాడు. తిరువూరు నుంచి ఇక్కడికి రెండుసార్లు, ఆ ఎండలో. పైసా తీసుకోలేదు. తమ్ముడికి చెప్పొద్దమ్మా అన్నాడు. ఎవరి తమ్ముడో నాకేం తెలుసు? చెప్పలా."

బాబాయి నవ్వు ఆగిపోయింది. గేటు బయట రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు. ఫిట్టరన్న లేచి, అవసరం లేకపోయినా మా బండి చక్రంలో గాలి చూడటానికి వెళ్ళాడు.

"మూత మీరుంచుకోండి" అన్నారు టీచరమ్మగారు మెల్లగా. "నాకు ఇంకో మూత ఏదన్నా వేసివ్వండి."

"వద్దమ్మా. మీకోసం అంత దూరం తొక్కుకుంటూ వచ్చి గీసింది. మీ దగ్గరే ఉండాలి." మూతను ఆయనే పెట్టి, రెండు బొటనవేళ్ళూ ఆనించాడు. చెయ్యి వణికింది. ఈసారి నా వైపు చూసి, "నొక్కు" అన్నాడు. ఆయన వేళ్ళ మీద నా వేళ్ళు పెట్టి నొక్కాను. టక్కుమని కూర్చుంది.

తిరుగు ప్రయాణంలో ఊరు దగ్గరపడుతుండగా నా చెవి దగ్గర, "ఏం తప్పు చేసుంటానంటావ్?" అన్నాడు. నాకేం తెలుస్తుంది? ఆయనే మళ్ళీ, "నూనె ఎక్కువ వేసుంటా. అప్పట్లో నాకు చెయ్యి పెద్దది" అన్నాడు.

కొట్టు ముందు దిగి, నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చాడు.

"రేపు నీ వాచీలు పట్టుకురా."

"మొన్న చూశారుగా బాబాయ్. ఏ మూతలోనూ ఏం లేదు."

"మూతలు ఎవడిక్కావాలయ్యా? లోపలి యంత్రాలు. బాగుచేశానని రాసుకున్నావుగా, ఏం తగలేశావో చూడాలి."

"మీ చెయ్యి..."

"స్క్రూడ్రైవర్ నువ్వు పట్టుకుంటావ్. నేను తిడతా."

"నలభై ఒకటీనా?"

"నలభై ఒకటీ."

"కొట్టు ఎల్లుండి ఖాళీ చేస్తున్నారు కదా?"

"ఇంట్లో వరండా ఉంది" అన్నాడు తాళం తీస్తూ. "కూర్చోడానికి పీట మాత్రం నువ్వే తెచ్చుకో."